సూది మానే దాకా మందు ఆగకూడదు

ఎయిడ్స్ అన్న మాట వినగానే ముఖం పక్కకి తిప్పుకునేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. ఆ రోగికి మత్తుమందు సూది అలవాటు కూడా వుందని తెలిస్తే ఇక చెప్పనే అక్కర లేదు. "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ మాట ఇంట్లోనూ వినిపిస్తుంది, వీధిలోనూ వినిపిస్తుంది. విచారకరమైన సంగతేమిటంటే, వైద్యం దొరకవలసిన చోట కూడా ఒక్కోసారి వినిపిస్తుంది.

హెచ్.ఐ.వి. ఇవాళ మందు లేని జబ్బు కాదు. పూర్తిగా నయం చేసే మందు అందరికీ అందుబాటులోకి రాకపోయినా, మధుమేహం, రక్తపోటు లాగా అదుపులో పెట్టే మందులున్నాయి. మన దేశంలో ప్రభుత్వమే వాటిని ఉచితంగా ఇస్తోంది. రోజూ మాత్ర వేసుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ, పెళ్ళి చేసుకుని పిల్లల్ని కన్నవాళ్ళు ఎందరో వున్నారు. మరి సూదితో మత్తుమందు ఎక్కించుకునే అలవాటున్న వారి సంగతేమిటి? వాళ్ళకి జబ్బు త్వరగా ముదురుతుందా? మందులు పనిచేస్తాయా? అలవాటు మానేదాకా వైద్యం ఆపాలా? ఈ ప్రశ్నలకి సరైన జవాబు తెలియకపోవడం వల్ల నిలబెట్టగలిగిన ప్రాణాలు కూడా పోతున్నాయి.

క్రిమి ఒంట్లో ఏం చేస్తుంది?

మన ఒంట్లో రోగాలతో పోరాడేవి తెల్ల రక్తకణాలు. వాటిలో సి.డి.4 కణాలని ఒక రకం వున్నాయి. అవి పోలీసు స్టేషనులో ఇన్‌స్పెక్టరు లాంటివి. ఏ క్రిమి వచ్చిందో గుర్తించి, మిగతా కణాల్ని పనికి పురమాయించేవి అవే. హెచ్.ఐ.వి. క్రిమి తిన్నగా ఆ ఇన్‌స్పెక్టరు మీదికే పోతుంది. ఆ కణంలోకి చొరబడి, అక్కడే తన సంతానాన్ని పెంచుకుని, చివరికి ఆ కణాన్నే నాశనం చేస్తుంది.

క్రిమి ప్రవేశించిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దు, గ్రంథుల వాపు వస్తాయి. మామూలు వైరల్ జ్వరమే అనుకుంటారు. నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మనిషి బయటికి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. లోపల మాత్రం కణాలు తరుగుతూ వుంటాయి. ఆరోగ్యవంతుడి రక్తంలో ఒక ఘనపు మిల్లీమీటరుకి 500 నుంచి 1,500 దాకా వుండే సి.డి.4 కణాలు 200 కంటే తగ్గితే దాన్ని ముదిరిన దశగా, అంటే ఎయిడ్స్‌గా లెక్కిస్తాము. బరువు తగ్గడం, నోటిలో తెల్లపూత, ఒంటి మీద అక్కి, తగ్గని విరేచనాలు, క్షయ, ఒక రకం న్యుమోనియా, మెదడు పొరల వాపు వంటివి అప్పుడు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మందులు వాడకపోతే క్రిమి సోకినప్పటి నుంచి ఈ దశకి రావడానికి సగటున ఎనిమిది, పదేళ్ళు పడుతుంది.

సూది దారి అంత ప్రమాదమెందుకు?

మన తెలుగు రాష్ట్రాల్లో హెచ్.ఐ.వి. ఎక్కువగా స్త్రీ పురుష సంపర్కం ద్వారానే వ్యాపించింది. సూది దారి వేరు. మత్తుమందు ఎక్కించుకునేవాడు సూది నరంలో గుచ్చాక పిస్టన్‌ని కొంచెం వెనక్కి లాగి, రక్తం వస్తోందో లేదో చూస్తాడు. ఆ రక్తం సిరంజిలో మిగిలిపోతుంది. అదే సిరంజిని పక్కవాడు తీసుకుంటే, మొదటివాడి రక్తం తిన్నగా రెండోవాడి రక్తంలోకే వెళుతుంది. సిరంజి లోపల మిగిలిన రక్తంలో, వాతావరణం చల్లగా వుంటే, హెచ్.ఐ.వి. క్రిమి కొన్ని వారాల పాటు కూడా బతికి వుండగలదని పరీక్షల్లో తేలింది.

లెక్క చూడండి. క్రిమి వున్న పురుషుడితో సంపర్కం వల్ల స్త్రీకి వ్యాధి అంటుకునే అవకాశం పదివేల సార్లకి సుమారు 8 సార్లు. క్రిమి వున్న మనిషితో సూది పంచుకుంటే అది పదివేలకి సుమారు 63. పైగా హెరాయిన్ అలవాటున్న మనిషి రోజుకి రెండు మూడు సార్లు సూది వేసుకుంటాడు. ఏడాదికి ఎన్నిసార్లవుతుందో మీరే ఊహించుకోండి. సూది ఒక్కటే కాదు, మందు కలిపిన గిన్నె, నీళ్ళు, వడపోసిన దూది పంచుకున్నా కొంత ప్రమాదం వుంది.

మత్తుమందు అంటే హెరాయిన్ ఒక్కటే కాదని కూడా పాఠకులు గమనించాలి. నొప్పికి ఆస్పత్రిలో ఇచ్చే పెంటజోసిన్, బ్యూప్రెనార్ఫిన్ వంటి ఇంజెక్షన్లని దొంగచాటుగా కొని, నిద్రమందుతోనూ అలర్జీ మందుతోనూ కలిపి ఎక్కించుకునే అలవాటు మన దేశంలో చాలా పట్టణాల్లో వుంది. కండలు పెరగాలని సూదులు వేయించుకునే కుర్రాళ్ళున్నారు. లోపల వున్నది ఏ మందైనా, సూది ఒకరిది ఇంకొకరు వాడితే ఫలితం ఒకటే.

మణిపూర్‌లో ఏం జరిగింది?

మన దేశంలో మొదటిసారి హెచ్.ఐ.వి.ని గుర్తించింది 1986లో మద్రాసులో. అక్కడ డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల చేసిన పరీక్షల్లో అది బయటపడింది. అప్పటికి ఈశాన్యంలోని మణిపూర్‌కి వేరే చిక్కు వచ్చిపడింది. ఆ రాష్ట్రానికి బర్మా సరిహద్దు. నల్లమందు సాగుకి పేరుపడ్డ 'బంగారు త్రికోణం' నుంచి హెరాయిన్ మోరే పట్నం మీదుగా ఇంఫాల్ చేరేది. అక్కడి వాళ్ళు దాన్ని 'నంబర్ ఫోర్' అంటారు. సరుకు సులువుగా దొరికేది, సిరంజి మాత్రం దొరికేది కాదు. సిరంజితో పట్టుబడితే పోలీసు భయం. అందువల్ల నలుగురైదుగురు కుర్రాళ్ళకి ఒకే సిరంజి.

1989 సెప్టెంబరు దాకా అక్కడ మత్తు సూది వేసుకునేవారి రక్తం పరీక్షిస్తే ఒక్కరిలోనూ హెచ్.ఐ.వి. కనిపించలేదు. ఆ తర్వాత ఆరు నెలలు తిరిగేసరికి పరీక్ష చేసిన వారిలో సగం మందికి వుంది! ఒక వ్యాధి ఇంత వేగంగా పాకడం మన దేశంలో అరుదు. కొన్నేళ్ళకి ఆ కుర్రాళ్ళ భార్యలకి, తర్వాత పుట్టిన బిడ్డలకి కూడా వచ్చింది. ఆ భార్యల్లో చాలామంది జన్మలో సూది ముట్టనివారు.

మొదట్లో అక్కడా భయమూ, శిక్షా, వెలివేతా నడిచాయి. దానివల్ల మత్తు వాడేవాళ్ళు ఇంకా చాటుకి పోయారు. 1996లో మణిపూర్ ప్రభుత్వం తన సొంత ఎయిడ్స్ విధానం ప్రకటించింది. మానలేనివాడికి కనీసం శుభ్రమైన సూది ఇవ్వాలి, సలహా ఇవ్వాలి, హాని తగ్గించాలి అన్నది అందులో ముఖ్యాంశం. ఇలా సూదులు ఇచ్చే పద్ధతి 1984లోనే ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో మొదలైంది. "సూదులిస్తే అలవాటు పెరగదా?" అని చాలామంది అడుగుతారు. ఈ పద్ధతి పెట్టిన చోట్ల అలవాటు పెరగలేదు. వ్యాధి వ్యాప్తి తగ్గింది. సూది కోసం వచ్చినవాణ్ణి పరీక్షకీ, వైద్యానికీ పిలవడం సులువైంది.

అయినా ఈ సమస్య తీరిపోలేదు. 2017లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ లెక్కల ప్రకారం దేశంలో మత్తు సూది వాడేవారిలో 6.26 శాతానికి హెచ్.ఐ.వి. వుంది. 15 నుంచి 49 ఏళ్ళ మధ్య సాధారణ జనంలో అది 0.22 శాతమే. అంటే ఇరవై ఎనిమిది రెట్లు!

సూది అలవాటు వుంటే జబ్బు త్వరగా ముదురుతుందా?

ముదురుతుందనే చాలామంది నమ్మకం. శాస్త్రం చెప్పేది వేరు. మంచి మందులు రాక ముందు యూరప్, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియాల్లో జరిగిన 38 అధ్యయనాలని కలిపి, 13,030 మంది రోగుల వివరాలని 2000 సంవత్సరంలో పరిశీలించారు. జబ్బు ముదిరే వేగాన్ని నిర్ణయించేది ముఖ్యంగా రోగి వయసేనని తేలింది. 15 నుంచి 24 ఏళ్ళ వయసులో క్రిమి సోకినవారు సగటున పన్నెండున్నర ఏళ్ళు బతికితే, 45 నుంచి 54 ఏళ్ళ వయసులో సోకినవారు ఎనిమిదేళ్ళ లోపే చనిపోయారు. క్రిమి ఏ దారిన వచ్చింది, సూది ద్వారానా, సంపర్కం ద్వారానా అన్నది పెద్దగా తేడా చూపలేదు.

మరి సూది అలవాటున్నవాళ్ళు త్వరగా చనిపోవడం మనం చూస్తున్నాం కదా అంటారా? నిజమే. కానీ ఆ చావులకి కారణాలు వేరుగా వున్నాయి. మోతాదు మించి ఊపిరి ఆగిపోవడం, మురికి సూది వల్ల రక్తం విషమెక్కడం, గుండె కవాటాలు చెడిపోవడం, హెపటైటిస్ సి వల్ల కాలేయం పాడవడం, క్షయ. వీటన్నిటినీ మించిన కారణం ఇంకొకటి వుంది: మందు ఆలస్యంగా అందడం, లేదా అసలు అందకపోవడం.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో హెచ్.ఐ.వి. మందులు అందరికీ ఉచితం. అక్కడ మందులు మొదలుపెట్టిన మూడువేల మందికి పైగా రోగుల్ని ఏళ్ళ తరబడి గమనించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. సూది అలవాటు వున్నవారిలోనూ లేనివారిలోనూ చావుల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా లేదు. "వీళ్ళు మందులు సరిగా మింగరు, క్రిమి మొండికేసి మందుకి లొంగకుండా పోతుంది" అన్న భయం కూడా అక్కడ నిజం కాలేదు. అలా మొండికెయ్యడం రెండు వర్గాల్లోనూ ఒకే రీతిన వుంది.

"ముందు మానెయ్యమన్నారు"

ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల వంటిదే ఒకటి, వివరాలు మార్చి ఇక్కడ ఇస్తున్నాను.

"డాక్టరు గారికి నమస్కారములు. మా పెద్దబ్బాయికి 27 ఏళ్ళు. వాడికి సూది అలవాటు వుందని రెండేళ్ళ క్రితం తెలిసింది. మొన్న జ్వరం తగ్గకపోతే పరీక్ష చేసి హెచ్.ఐ.వి. అన్నారు. చూపించిన చోట 'ముందు ఆ అలవాటు మానితే అప్పుడు రండి, మందులిస్తాము' అన్నారు. వాడు వారం మానతాడు, మళ్ళీ మొదలెడతాడు. వాళ్ళ నాన్నగారు గడప తొక్కనివ్వడం లేదు. నేనే దొడ్డివైపు నుంచి అన్నం పెడుతున్నాను. కంచం, గ్లాసు వేరుగా పెట్టాను. నేను చేస్తున్నది సరియేనా? వాడు మానేదాకా బతుకుతాడా?"

అమ్మా, మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. మానేదాకా ఆగనవసరం లేదు, ఆగకూడదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2017లో మన దేశం తీసుకున్న నిర్ణయం ఒకటే: పరీక్షలో హెచ్.ఐ.వి. అని తేలినవారికి, కణాల సంఖ్య ఎంత వున్నా సరే, మందులు మొదలుపెట్టాలి. సూది అలవాటున్నవారికి ఇందులో మినహాయింపు లేదు. మందుకి ముందు క్షయ వంటి జబ్బులేమన్నా వున్నాయేమో చూసుకోవాలి, అంతే. ఒక చోట పొమ్మంటే జిల్లా ఆస్పత్రిలోని ఎ.ఆర్.టి. కేంద్రానికి తిన్నగా తీసుకువెళ్ళండి.

ఇది దయాదాక్షిణ్యాల మాట కాదు, లెక్క మాట. మధుమేహం వున్నాయన మిఠాయి మానలేదని ఇన్సులిన్ ఆపుతామా? అలాగే ఇదీనూ. అలవాటు మానడం కొందరికి నెలలు, కొందరికి ఏళ్ళు పడుతుంది. మధ్యలో జారిపోవడం ఆ జబ్బు స్వభావం. అంతకాలం కణాలు ఆగి వుండవు. మానేసరికి మనిషి మిగలాలి కదా!

ఇంకో సంగతి. ఇండొనేషియా, ఉక్రెయిన్, వియత్నాం దేశాల్లో సూది వాడే హెచ్.ఐ.వి. రోగుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరిని మామూలు పద్ధతిలో వదిలేశారు. మరికొందరికి చెయ్యి పట్టుకుని కేంద్రానికి తీసుకువెళ్ళే మనిషిని, ధైర్యం చెప్పే సలహాదారుని ఇచ్చారు. మందులు వెంటనే మొదలుపెట్టించారు. 2018లో ప్రకటించిన ఫలితాల ప్రకారం రెండో వర్గంలో చావులు సుమారు సగానికి తగ్గాయి. అక్కడ కొత్త మందేదీ కనిపెట్టలేదు. తోడు వెళ్ళే మనిషిని ఇచ్చారు. మన ఇళ్ళల్లో ఆ మనిషి తల్లి కావచ్చు, అన్న కావచ్చు, మేనమామ కావచ్చు.

ఏ మందులు? ఎలా వాడాలి?

హెచ్.ఐ.వి.కి మొదటి మందు ఎ.జెడ్.టి. 1987లో వచ్చింది. ఒక్క మందుకి క్రిమి త్వరగా అలవాటు పడిపోయేది. 1996 నుంచి మూడు మందుల్ని కలిపి ఇవ్వడం మొదలయ్యాక చావులు ఒక్కసారిగా తగ్గాయి. మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ఉచిత వైద్యం మొదలైంది. అప్పటి ఆంధ్రప్రదేశ్, మణిపూర్‌తో సహా వ్యాధి ఎక్కువగా వున్న ఆరు రాష్ట్రాల్లోనూ ఢిల్లీలోనూ కలిపి ఎనిమిది ఆస్పత్రులతో ఆరంభమై, తర్వాత జిల్లాలన్నిటికీ పాకింది. ఈ మాత్రలు తయారుచేసి ఆఫ్రికా దేశాలకి కూడా పంపుతున్న ఫ్యాక్టరీలు మన హైదరాబాదు చుట్టుపక్కల వున్నాయి.

ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రవిర్ అనే మూడు మందులు కలిసిన ఒకే మాత్ర. రోజుకి ఒకసారి. తిన్న తర్వాత అయినా, ముందు అయినా ఫరవాలేదు. రోజూ ఒకే వేళకి వేసుకోవడం ముఖ్యం. సెల్‌ఫోన్ అలారం పెట్టుకోండి, లేదా రాత్రి వార్తలకి ముడిపెట్టుకోండి. ఒక పూట మరిచిపోతే గుర్తుకొచ్చిన వెంటనే వేసుకోవాలి. ఆ రోజు మత్తు సూది వేసుకున్నా సరే, మాత్ర మానకూడదు. "ఇవాళ తప్పు చేశాను, మాత్ర ఎందుకులే" అనుకోవడమే అసలు ప్రమాదం.

ఈ మాత్ర వేసుకునే వాళ్ళు కడుపు మంటకి తీసుకునే యాంటాసిడ్ మందులు ఒకే వేళకి తీసుకోకూడదు. అవి డోల్యుటెగ్రవిర్ ఒంటబట్టకుండా చేస్తాయి. వాటికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ మాత్ర వేసుకోవాలి. ఇనుము, కాల్షియం మాత్రలకీ ఇదే నియమం. కొందరికి నిద్ర పట్టకపోవడం, బరువు పెరగడం జరగవచ్చు. మూత్రపిండాల పరీక్ష అప్పుడప్పుడూ చేయించాలి. మందు మొదలెట్టిన తొలి వారాల్లో జ్వరం గానీ, గడ్డలు గానీ వస్తే మందు పడలేదని మానెయ్యకండి. శక్తి పుంజుకున్న కణాలు లోపల దాగిన క్షయ వంటి జబ్బు మీద దాడి చెయ్యడం వల్ల కూడా అలా జరుగుతుంది. వెంటనే డాక్టరుకి చూపించండి.

సక్రమంగా వాడితే ఆరు నెలల్లో రక్తంలో క్రిమి పరీక్షకి అందనంతగా తగ్గిపోతుంది. ఆ స్థితిలో వున్న మనిషి నుంచి సంపర్కం ద్వారా భార్యకి గానీ, భర్తకి గానీ వ్యాధి అంటదు. అయితే ఈ హామీ సూదికి వర్తించదు. క్రిమి కనిపించకపోయినా సూది పంచుకోకూడదు.

మత్తుకి బదులు మందు

హెరాయిన్ మానగానే ఒళ్ళు నొప్పులు, వాంతులు, విరేచనాలు, చెమటలు, పిచ్చెక్కినట్టు వుండడం సహజం. పట్టుదల లేక మళ్ళీ మొదలెట్టాడని నిందించడం సులువు. మెదడులో జరిగిన మార్పు అది. దానికి మందుంది. నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్ మాత్ర, తాగే మెథడోన్ ద్రావకం. ఇవి నెమ్మదిగా పనిచేస్తాయి, సూది అవసరం వుండదు, బాధ తెలియకుండా చేస్తాయి. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. వీటికి ప్రభుత్వం నడిపే ప్రత్యేక కేంద్రాలున్నాయి. రోజూ అక్కడికి వెళ్ళి వాళ్ళ ఎదుటే వేసుకోవాలి.

"ఒక మత్తు మాన్పించి ఇంకొకటి అలవాటు చెయ్యడమేగా?" అంటారు కొందరు. కాదు. సూది పోయింది, దొంగతనం పోయింది, పోలీసు భయం పోయింది. మనిషి ఉదయం లేచి పనికి వెళుతున్నాడు, హెచ్.ఐ.వి. మాత్ర వేళకి వేసుకుంటున్నాడు. ఇంతకంటే ఏం కావాలి? తర్వాత నెమ్మదిగా మోతాదు తగ్గించడం డాక్టరు చూసుకుంటాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎఫావిరెంజ్, నెవిరాపిన్ అనే పాత హెచ్.ఐ.వి. మందులు మెథడోన్ బలాన్ని తగ్గిస్తాయి. క్షయకి ఇచ్చే రిఫాంపిసిన్ మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ రెంటి బలాన్నీ తగ్గిస్తుంది. అప్పుడు రోగికి మళ్ళీ నొప్పులు, చెమటలు మొదలవుతాయి. హెచ్.ఐ.వి. మందు పడలేదని తానే మానేస్తాడు, లేదా మళ్ళీ సూది పడతాడు. అందుచేత ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా వాడుతున్న మందులన్నీ చెప్పాలి, దాచకూడదు.

గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే ప్రయత్నం చెయ్యకండి. కొన్నాళ్ళు మానాక ఒంటికి ఆ మందు తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. బయటికి రాగానే పాత మోతాదే వేసుకుంటే ఊపిరి ఆగి చనిపోతాడు. డీఎడిక్షన్ నుంచో, జైలు నుంచో వచ్చిన తొలి రోజుల్లో ఇలాంటి చావులు ఎక్కువ. మనిషి పిలిచినా పలక్కుండా, ఊపిరి బాగా నెమ్మదించి, పెదవులు నీలమెక్కి, కంటిపాపలు గుండుసూది మొనలా వుంటే ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోను చెయ్యండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నలోక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షను ఆస్పత్రిలో వుంటుంది. "ఏం తీసుకున్నాడు?" అని డాక్టరు అడిగితే పరువు చూసుకోకుండా నిజం చెప్పండి.

వెంట వచ్చే జబ్బులు

మన దేశంలో హెచ్.ఐ.వి. రోగుల్ని ఎక్కువగా చంపేది క్షయ. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి వున్నా కఫం పరీక్ష చేయించాలి. క్షయ వుంటే ముందు ఆ మందులు మొదలుపెట్టి, కొద్ది రోజుల్లోనే హెచ్.ఐ.వి. మందులు కలుపుతారు. రిఫాంపిసిన్ వాడుతున్నంతకాలం డోల్యుటెగ్రవిర్ రోజుకి రెండుసార్లు తీసుకోవాలి. క్షయ లేనివారికి రాకుండా ముందుగానే మందు ఇస్తారు.

హెపటైటిస్ సి సూది ద్వారా హెచ్.ఐ.వి. కంటే తేలిగ్గా అంటుతుంది. ఇరవై ఏళ్ళు నిశ్శబ్దంగా వుండి కాలేయాన్ని గట్టిపడేలా చేస్తుంది. శుభవార్త ఏమిటంటే, చాలామందికి పన్నెండు వారాల మాత్రలతో ఇది పూర్తిగా నయమవుతుంది. 2018 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. హెపటైటిస్ బికి టీకా వుంది, మూడు మోతాదులు వేయించుకోవాలి. హెపటైటిస్ బి కూడా వున్న రోగి హెచ్.ఐ.వి. మాత్రలు ఉన్నట్టుండి ఆపితే కాలేయం ప్రమాదంలో పడుతుంది.

సూది గుచ్చిన చోట ఎర్రబడి, వాచి, చీము పడితే పిసకకుండా చూపించండి. చలితో వణికే జ్వరం, ఆయాసం వుంటే గుండె కవాటాలకి పుండు పడిందేమో చూడాలి. మణిపూర్ ప్రాంతంలో వుండి వచ్చినవారికి ముఖం మీద మధ్యలో గుంట వున్న పొక్కులు, జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. అక్కడ కనిపించే ఒక శిలీంధ్ర వ్యాధి అలా మొదలవుతుంది. దానికి మందుంది.

ఇంట్లోవాళ్ళు చెయ్యవలసినవి

కంచం, గ్లాసు వేరు పెట్టనక్కర లేదు. కలిసి తిన్నా, ఒకే మరుగుదొడ్డి వాడినా, ఒళ్ళో తల పెట్టుకున్నా, దోమ కుట్టినా హెచ్.ఐ.వి. రాదు. రక్తం అంటే చాలు జాగ్రత్త: బ్లేడు, సూది వేరుగా వుండాలి. ఇంట్లో వాడిన సూది కనిపిస్తే మూత పెట్టే ప్రయత్నం చెయ్యకండి, గట్టి డబ్బాలో వేసి ఆస్పత్రిలో ఇచ్చెయ్యండి. పొరపాటున గుచ్చుకుంటే పిండకండి, సబ్బునీళ్ళతో కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు మందులు వాడితే వ్యాధి రాకుండా ఆపే అవకాశం ఎక్కువ. ఎంత తొందరగా మొదలెడితే అంత మంచిది.

రోగికి పెళ్ళయి వుంటే భార్యకీ, పిల్లలకీ పరీక్ష చేయించాలి. ఐ.సి.టి.సి. కేంద్రాల్లో పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. క్రిమి సోకిన కొత్తలో పరీక్షకి దొరక్కపోవచ్చు, అందుచేత మూడు నెలలకి మళ్ళీ చేయించాలి.

చట్టం కూడా మీ పక్షాన వుంది. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం రోగి సమ్మతి లేకుండా పరీక్ష చెయ్యకూడదు, వివరాలు బయటపెట్టకూడదు, వైద్యం నిరాకరించకూడదు, ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు. మాదకద్రవ్యాల చట్టంలో కూడా, కొద్ది మోతాదుతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకి వస్తే కేసు నుంచి మినహాయింపుకి వీలు వుంది. హెచ్.ఐ.వి. గురించి సలహాకి 1097, మత్తు మాన్పించే సహాయానికి 14446 నంబర్లకి ఉచితంగా ఫోను చెయ్యవచ్చు.

చివరిగా ఇళ్ళల్లోని పెద్దలకి ఒక మాట. కోపం రావడం తప్పు కాదు. డబ్బు ఇవ్వనని చెప్పండి, అబద్ధం ఒప్పుకోనని చెప్పండి. కానీ తలుపు వేసెయ్యకండి. ఎ.ఆర్.టి. కేంద్రానికి మొదటి రోజు వెంట వెళ్ళండి, పేరు నమోదు చేయించండి, మందుల డబ్బా ఇంట్లో కనిపించే చోట పెట్టండి, రాత్రి అన్నం వడ్డించేటప్పుడు "మాత్ర వేసుకున్నావా?" అని అడగండి. సూది ఎప్పుడు మానతాడో ఎవరూ చెప్పలేరు. మాత్ర మాత్రం ఈ వారమే మొదలుపెట్టవచ్చు.